లాయరుకు చెప్పకుండా దాచిన సీసం

టీ రుచి మారిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆటోనగర్‌లో మా బ్యాటరీ షాపు ఎదురుగా ఒక టీ బండి ఉండేది. పొద్దున్న తొమ్మిదింటికి అక్కడ టీ తాగడం నాకు ఆరేళ్ళ అలవాటు. ఆ రోజు గుటక వేయగానే పాత రూపాయి బిళ్ళ నోట్లో పెట్టుకున్నట్టు అనిపించింది.

"ఏం కలిపావయ్యా ఇందులో?" అని బండి అతన్ని అడిగాను.

"రోజూ కలిపేదే కలిపానండీ. మీకే ఒంట్లో బాగున్నట్టు లేదు," అన్నాడు.

నేను నమ్మలేదు. వారం రోజులు వేరే బండి దగ్గర తాగాను. అక్కడా అదే రుచి. ఇద్దరూ ఒకే పాలవాడి దగ్గర పాలు కొంటున్నారని తేల్చుకున్నాను. నాది మొదటినుంచీ అనుమానపు బుర్ర. నా భార్య నాగమణి నా మేనమామ కూతురే కాబట్టి ఈ సంగతి ఆవిడకి పెళ్ళికి ముందే తెలుసు. "మా బావ కూరలో ఉప్పు ఎక్కువైనా ఎవరు చేయించారని అడుగుతాడు," అని అందరి ముందూ ఆటపట్టించేది.

ఇది తొంభైల చివర్లో జరిగింది. అప్పటికి నాకు ముప్పై ఒకటి. మా సొంత ఊరు చల్లపల్లి దాటి సముద్రం దగ్గరికి వెళ్ళాక వస్తుంది. మాది చేపల వేట మీద బతికిన కుటుంబం. అన్నయ్య వల పట్టుకుని ఊళ్ళోనే ఉండిపోయాడు, నేను పని వెతుక్కుంటూ బెజవాడ వచ్చాను. కానూరులో అద్దె ఇల్లు, భార్య, ఐదేళ్ళ పాప శిరీష. పాడైన లారీ బ్యాటరీలు విప్పి, చెడిపోయిన ప్లేట్లు తీసేసి, బాగున్నవాటిని గ్యాస్ మంటతో అతికి మళ్ళీ డబ్బాలో అమర్చడం నా పని. ప్లేట్లంటే సీసమే. విప్పుతున్నంతసేపూ బూడిదరంగు పొడి రాలేది. సాయంత్రానికి చొక్కా, మీసాలు, భోజనం క్యారేజీ అన్నీ ఒకే రంగులో ఉండేవి. మధ్యాహ్నం మూడింటికి ఓనరు గారు అందరికీ తలా ఒక బెల్లం ముక్క ఇచ్చేవారు. ఉయ్యూరు వైపునుంచి దిమ్మలు తెప్పించేవారు. బెల్లం తింటే దుమ్ము కడుపులో నిలవదని ఆయన నమ్మకం, మా నమ్మకం కూడా. చేతులు ప్యాంటుకి తుడుచుకుని తినేసేవాళ్ళం.

టీ రుచి మారిన నెలకి కడుపునొప్పి మొదలైంది. మామూలు నొప్పి కాదు, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉండేది. నాలుగైదు రోజులు విరేచనం అయ్యేది కాదు. అన్నం చూస్తే వికారం. వీధి చివరి డాక్టరు గారు గ్యాస్ ట్రబుల్ అన్నారు. ఇంకొకరు అల్సర్ అనుకుని ఎండోస్కోపీ చేయించి, నార్మల్ అని కాగితం చేతిలో పెట్టారు. అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే. "తాగుతావా?" పండగకి పబ్బానికి తప్ప తాగనని చెబితే నాగమణి వైపు తిరిగి "నిజమేనామ్మా?" అనేవారు. ఏం పని చేస్తావని మాత్రం ఎవరూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం షాపులోనే నొప్పితో ముడుచుకుపోతే ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కి తీసుకెళ్ళారు. అక్కడ అపెండిక్స్ అని ఆపరేషన్ చేసేశారు. కుట్లు విప్పిన పది రోజులకే అదే నొప్పి మళ్ళీ వచ్చింది. సర్జన్ గారి దగ్గరికి వెళితే, "ఆపరేషన్ పర్ఫెక్ట్‌గా జరిగింది. నీకు టెన్షన్ ఎక్కువ," అన్నారు. అసలు అపెండిక్స్ తీశారా, కోసి కుట్టేశారా అని నాకు చాలాకాలం అనుమానం ఉండేది.

ఆ రోజుల్లో నేను అనుమానించని వస్తువు లేదు. బోరు నీళ్ళని అనుమానించాను. వదిన పంపిన ఎండుచేపలని అనుమానించి పారబోయించాను. దాంతో అన్నయ్య రెండు నెలలు నాతో మాట్లాడలేదు. షాపుని ఒక్కదాన్నీ అనుమానించలేదు. పని ఇచ్చినచోటునే అనుమానిస్తే తెల్లారి ఎక్కడికి పోవాలి? ఆ ప్రశ్నకి జవాబు లేక అటువైపు చూడనేలేదని ఇప్పుడు అర్థమవుతోంది.

ఒకరోజు బోల్టు బిగిస్తుంటే చేతిలోంచి స్పానరు జారి కాలి మీద పడింది. వంగి తీసుకోబోతే కుడిచెయ్యి మణికట్టు దగ్గరనుంచి వేలాడుతోంది. వేళ్ళు ముడుచుకుంటున్నాయి గానీ చెయ్యి పైకి లేవడం లేదు. భయపడిపోయాను. పని చేసుకునేవాడికి కుడిచెయ్యి పోతే ఇంకేముంది?

నాగమణి నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి మెడిసిన్ డాక్టరు గారు పెద్దాయన, పొట్టిగా, విసుగ్గా ఉండేవారు. నా చెయ్యి చూశారు, కళ్ళ రెప్పలు కిందికి లాగి చూశారు, టార్చి వేసి పై పెదవి ఎత్తారు.

"ఏం పని చేస్తావ్?"

"బ్యాటరీ షాపండీ."

ఆయన స్టూడెంట్లని పిలిచి, నా చిగుళ్ళ అంచున ఉన్న నీలం గీత చూపించారు. "లెడ్ లైన్. పుస్తకంలో చదివారుగా, ఇప్పుడు మనిషిలో చూడండి," అన్నారు. పన్నెండు మంది వరసగా నా నోట్లోకి తొంగి చూశారు. పశువుల సంతలో నిలబెట్టినట్టుగా ఉన్నా, ఆ గీత నాలో ఉందని నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

హీమోగ్లోబిన్ ఎనిమిది ఉంది. స్మియర్ అని ఒకటి చూశారు, నెర్వ్ కండక్షన్ అని చేతికి చిన్న చిన్న షాకులు ఇచ్చారు. బ్లడ్ లెడ్, అంటే రక్తంలో సీసం ఎంతుందో చూడటానికి, రక్తం హైదరాబాదు పంపాలన్నారు. నా రక్తం హైదరాబాదు ఎందుకు, అక్కడ ఎవరికి ఎక్కిస్తారు అని నర్సుని అడిగాను. ఆవిడ నవ్వలేదు కూడా, అలాంటివాళ్ళని చాలామందిని చూసినట్టుంది.

రిపోర్టు వచ్చాక డాక్టరు గారు చెప్పిన మాటలు ఇవి. "నీకు వచ్చింది లెడ్ పాయిజనింగ్, సీసం విషం. ఆ పొడి నోట్లోంచి, ఊపిరిలోంచి లోపలికి పోయింది. మందులకంటే ముందు ఆ పని మానెయ్యాలి." బెల్లం సంగతి చెబితే ఆయన తల పట్టుకున్నారు. "ఆ చేతులతో తింటే బెల్లంతోపాటు సీసం కూడా తిన్నట్టే కదయ్యా," అన్నారు.

తర్వాత, "ఇంట్లో ఎవరెవరుంటారు?" అని అడిగారు. చెప్పాను. "నీ బట్టల మీద పొడి ఇంటికి పోతుంది. మీ ఆవిడనీ పాపనీ కూడా ఒకసారి బ్లడ్ లెడ్‌కి తీసుకురా. పాపని ముఖ్యంగా."

సరేనన్నాను. నాగమణి అప్పుడు మందుల చీటీ పట్టుకుని బయట వరసలో ఉంది. ఆవిడకి ఈ మాట చెప్పలేదు. ల్యాబ్‌వాళ్ళకీ డాక్టరుకీ ఏదో ఒప్పందం ఉంటుంది, అందుకే ఇంటిల్లిపాదినీ రమ్మంటున్నారు అనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న కారణం. అసలు కారణం వేరే ఉంది.

విసురు వల అంచుకి బరువు కోసం సీసం గుండ్లు కడతారు. అవి లేకపోతే వల మునగదు. బజార్లో కొనాలంటే ప్రియం. అందుకని షాపులో విరిగిన ప్లేట్ల ముక్కలు ఇంటికి తెచ్చి, మూడు నాలుగు నెలలకి ఒక ఆదివారం పెరట్లో కిరసనాయిలు స్టవ్ మీద పాత మూకుడులో కరిగించి, తడి ఇసకలో గుంటలు చేసి పోసి, అన్నయ్యకి గుండ్లు తయారు చేసేవాణ్ణి. చల్లారాక అవి మెరుస్తూ ఉండేవి. శిరీష నా పక్కనే కూర్చుని వాటిని లెక్కపెట్టేది. వేళ్ళు సరిపోకపోతే ఒకటి నోట్లో పెట్టుకుని మిగతావి లెక్కపెట్టేది.

డాక్టరు గారు "పాపని ముఖ్యంగా" అనగానే నాకు గుర్తొచ్చింది అదే. గుర్తొచ్చిన వెంటనే మరిచిపోవాలని చూశాను.

వార్డులో చేర్చుకుని, ఒంట్లో సీసాన్ని బయటికి లాగే ఈ.డి.టి.ఏ. అనే మందు సెలైన్‌లో కలిపి ఐదు రోజులు ఎక్కించారు. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ ఐదు రోజులు. కడుపునొప్పి మొదటి కోర్సుకే తగ్గింది. చెయ్యి మాత్రం అలాగే వేలాడేది. దానికి ఊతంగా స్ప్లింట్ కట్టి, ఫిజియోథెరపీ మొదలుపెట్టారు. "నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది, పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేను," అన్నారు డాక్టరు గారు.

ఓనరు గారు కమలాపళ్ళు పట్టుకుని వచ్చారు. మంచం మీద కూర్చుని నా భుజం తట్టారు. "కోటీ, నువ్వు నా తమ్ముడు లాంటోడివిరా. అంతా నేను చూసుకుంటా. ఈ రిపోర్టులు మాత్రం ఊరంతా చూపించుకుంటా తిరగమాక," అన్నారు. ప్రపంచంలో అందరినీ అనుమానించిన నేను ఆయన్ని నమ్మాను. మూడు వారాల తర్వాత వెళితే షాపు గుమ్మం దగ్గరే ఆపారు. "నువ్వు నా దగ్గర పర్మినెంటు వర్కరువి ఎప్పుడయ్యావు? పనుంటే వచ్చేవోడివి, లేకపోతే పోయేవోడివి. నీ తాగుడికి నేనేం చేసేది?" అన్నారు. నా దగ్గర ఒక్క కాగితం లేదు. హాజరు కార్డు లేదు, జీతం స్లిప్పు లేదు. ఆటోనగర్‌లో మాలాంటి చిన్న షాపుల్లో అవి ఎవరికీ ఉండేవి కావు.

ఫిజియోథెరపీ గదిలో ఉండే నర్సమ్మ, కోర్టు ఆవరణలో ఉచిత న్యాయ సహాయం ఇస్తారని, వెళ్ళి దరఖాస్తు పెట్టుకోమని చెప్పింది. అలా మా కేసు పద్మావతి గారికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, నల్లకోటు మోచేతుల దగ్గర వెలిసిపోయింది. నా కాగితాలన్నీ చదివి నెమ్మదిగా చెప్పారు.

"చట్టంలో ఒక పట్టిక ఉందండీ. పనివల్ల వచ్చే జబ్బుల పట్టిక. మీ జబ్బు అందులో ఉంది. ఆ పనిలో ఒకే యజమాని దగ్గర ఆర్నెల్లు ఆపకుండా చేశారని చూపిస్తే చాలు, జబ్బు పనివల్లే వచ్చిందని లెక్క. కాదంటే ఆ సంగతి వాళ్ళు రుజువు చెయ్యాలి. కాబట్టి మీరు అక్కడి వర్కరని నిరూపించడమే మన పని. ఇంకో మాట. సీసంతో ఇంకెక్కడైనా పని చేశారా? ఇంటి దగ్గర గానీ?"

"లేదండీ," అన్నాను.

ఎందుకు లేదన్నానంటే, ఫీజు తీసుకోని లాయరు ఎవరి మనిషో నాకు అర్థం కాలేదు. ఈవిడకి చెబితే ఓనరుకి ఉప్పందుతుందని అనుమానం. చెబితే కేసు వదిలేస్తుందని ఇంకో అనుమానం. అన్నిటికన్నా, ఆ మాట ఒకసారి బయటికి అంటే నాగమణి చెవిన పడుతుంది. జబ్బు షాపులో వచ్చిందని అందరిచేతా ఒప్పించడమే అప్పుడు నాకు ప్రాణంతో సమానం. అది ఇంట్లో వచ్చిందంటే నేను తాగుబోతుకన్నా హీనమైపోతాను.

కేసు కార్మిక శాఖ ఆఫీసులో కమిషనర్ గారి ముందు నడిచింది. నా పక్కన ఆరేళ్ళు పనిచేసిన సాంబయ్య సాక్ష్యం చెబుతానని, తీరా ఆ రోజుకి జ్వరమని రాలేదు. మర్నాడు షాపులో అతన్ని చూసినవాళ్ళున్నారు. అతనికీ ఇల్లు గడవాలి. అప్పుడు మాత్రం నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

నా వంతు వచ్చింది. ప్రమాణం చేయించారు. ఓనరు తరఫు లాయరు లేచి, "మీ ఇంటి పెరట్లో సీసం కరిగిస్తారట కదా?" అన్నాడు.

"లేదండీ."

"చేపల వలలకి గుండ్లు చెయ్యరూ?"

"లేదండీ," అన్నాను మళ్ళీ.

బయటికి వచ్చాక పద్మావతి గారు వరండాలో నన్ను ఆపారు. "ఆయన ఊరికే అడగడు. ఏదో తెలిసే అడిగాడు. నాకు నిజం చెప్పండి." అంతకు ముందే ఆవిడ ఆ లాయరుతో కలిసి టీ తాగుతూ మాట్లాడటం చూశాను. ఇద్దరూ ఒకటేనని అప్పటికే తీర్మానించుకున్నాను.

"ఏం లేదు మేడమ్. మీకు ఆయన చెప్పిందే నమ్మకంగా ఉన్నట్టుంది," అన్నాను.

బల్ల మీద కూర్చున్న నాగమణి లేచి వచ్చింది. "కరిగించేవోడండీ. వాళ్ళన్న వలలకి. ఆదివారాలు పెరట్లో," అంది. తర్వాత ఆవిడే అడిగింది. "అట్టా ఇంట్లో చేస్తే పక్కనున్నోళ్ళకి కూడా వస్తదా అండీ?"

పద్మావతి గారు చేతిలో ఫైలు మూసేశారు. "డాక్టరు గారు మిమ్మల్నీ పాపనీ టెస్టుకి రమ్మనలేదా అమ్మా?" అన్నారు.

నాగమణి నావైపు తిరిగింది. నేను తల వంచుకున్నాను.

"ఊళ్ళో అందర్నీ అనుమానించావు గదా బావా. నిన్ను నువ్వు ఒక్కసారన్నా అనుమానించుకోకూడదా?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. మర్నాడు పొద్దున్నే శిరీషని తీసుకుని, నన్ను రమ్మనకుండా పెద్దాసుపత్రికి వెళ్ళింది.

పద్మావతి గారు కేసు వదిలెయ్యలేదు. ఆఫీసుకి పిలిచి గట్టిగా తిట్టారు. "నేను ఆ లాయరుతో టీ తాగితే మీకెందుకండీ? రోజూ ఒకే వరండాలో తిరిగేవాళ్ళం. దాచింది వాళ్ళు బయటపెడితే మనం దొంగలం అవుతాం. మనమే చెప్పేద్దాం," అన్నారు. తర్వాతి వాయిదాలో నన్ను మళ్ళీ పిలిపించమని అర్జీ పెట్టారు. కమిషనర్ గారి ముందు నిలబడి, కిందటిసారి అబద్ధం చెప్పానని, ఇంట్లో గుండ్లు పోసిన మాట నిజమని చెప్పాను. ఆయన కళ్ళజోడులోంచి చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఇక అయిపోయిందనుకున్నాను.

ఓనరు గారు హుషారుగా బోనెక్కారు. జబ్బు ఇంట్లోనే వచ్చిందని ఇంకా బలంగా చెప్పాలని ఆయన ఆత్రం.

పద్మావతి గారు మెల్లిగా అడిగారు. "కోటేశ్వరరావు ఇంట్లో సీసం కరిగించేవాడని మీకెలా తెలుసండీ?"

"ఆ సీసం ఇచ్చింది నేనే కదండీ."

"కూలికి వచ్చిపోయేవాళ్ళకి కూడా ఇస్తారా?"

"వాళ్ళకెందుకిస్తానండీ? దసరాకి ఆయుధపూజ చేసుకున్నాక షాపులో వర్కర్లకి విరిగిన ప్లేట్లు తలా కాస్త పంచటం మా నాన్నగారి కాలంనుంచీ ఉంది. మిగతావోళ్ళు పాత ఇనప కొట్లో అమ్ముకుంటారు. ఇతనే ఇంటికి పట్టుకెళ్ళి ఆ గుండ్లు పోసుకునేవోడు."

"ఎన్ని దసరాలు ఇచ్చారు?"

"ఆరు దసరాలూ ఇచ్చానండీ. ఒక్కసారి కూడా తప్పించలేదు. కావాలంటే సాంబయ్యని అడగండి, పక్కపక్కనే నిలబడి తీసుకున్నారు."

ఓనరు గారి లాయరు కుర్చీలో కదిలాడు. పద్మావతి గారు "ఇంకేమీ లేదండీ" అని కూర్చున్నారు. ఏం జరిగిందో నాకు కొంతసేపటి వరకూ అర్థం కాలేదు. ఓనరు గారికి ఇంటికి వెళ్ళేవరకూ అర్థం కాలేదని తర్వాత తెలిసింది. వర్కర్లకి మాత్రమే పంచేది ఆరేళ్ళు వరసగా నాకు పంచానని ఆయనే చెప్పారు.

పెద్దాసుపత్రి డాక్టరు గారు కూడా వచ్చి చెప్పారు. "ఇంట్లో చేసింది మంచిదని నేననను. కానీ ఏడాదికి మూడు నాలుగు ఆదివారాలు వేరు, రోజూ ఎనిమిది గంటలు వేరు. ఈ చెయ్యి ఆదివారాలవల్ల పడిపోయింది కాదు." ఇంకో ఏడాదికి ఆర్డరు వచ్చింది. నా జబ్బు పనివల్లే వచ్చిందని, పరిహారం ఇవ్వాలని అందులో ఉంది. పద్మావతి గారు చదివి వినిపించారు. ఆవిడని అనుమానించినందుకు క్షమించమన్నాను. "నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది ఇలాగే ఉంటారండీ. మోసపోయి ఉంటారు కదా," అన్నారు.

ఆ ఆర్డరు విన్నరోజు సంతోషపడ్డానని చెబితే అబద్ధం. ఎందుకంటే అప్పటికే శిరీష రిపోర్టు వచ్చి చాలా నెలలైంది. నాకున్నంత కాదు, కానీ పిల్లల్లో ఉండకూడనంత ఉంది. నాగమణిలో తక్కువే. పాపకి ఇంజెక్షన్లు అక్కర్లేదని, ఐరన్ మందు ఇచ్చి, సీసం ఉన్న చోటునుంచి దూరంగా పెట్టి, మూడు నెలలకోసారి టెస్టు చేయించమని చెప్పారు. నాగమణి అదే వారం ఇల్లు మార్చింది. మూకుడూ, స్టవ్వూ, నా పాత బట్టలూ ఏవీ కొత్త ఇంటికి రానివ్వలేదు. నాతో అవసరమైన మాటలే మాట్లాడేది. ఆ మౌనం ఏడాది పైనే సాగింది.

ఇది జరిగి ఇప్పటికి దాదాపు పదేళ్ళు. నేను ఒక టైర్ల కొట్టులో కౌంటరు దగ్గర కూర్చుంటున్నాను. కుడిచెయ్యి ముప్పాతిక వంతు వచ్చింది. రాయగలను, కలుపుకుని తినగలను, వల విసరలేను. అన్నయ్య గుండ్లు బజార్లో కొనుక్కుంటున్నాడు. మూడేళ్ళ క్రితం సాంబయ్యకి కడుపునొప్పి వస్తే నేనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను, పద్మావతి గారి దగ్గరికి కూడా.

శిరీష ఇప్పుడు పదో తరగతి. రక్తంలో సీసం ఎప్పుడో తగ్గిపోయింది. తెలుగు గడగడా చదువుతుంది. లెక్కలు మాత్రం ఎంత చెప్పినా నిలవవు, కాసేపటికే ధ్యాస ఎటో పోతుంది. దానివల్లేనా అని డాక్టరు గారిని అడిగాను. "కావచ్చు, కాకపోవచ్చు. లెక్కలు రాని పిల్లలు ఊరినిండా ఉన్నారు. ఎవరూ చెప్పలేరు," అన్నారు. నా చేతికోసం ఓనరు మీద కేసు వేశాను. నా కూతురు ఒక లెక్క దగ్గర ఆగిపోయి పెన్ను కొరుకుతుంటే ఎదురుగా కూర్చుని చూస్తాను. దీనికి కేసు వెయ్యాలంటే ఎవరి మీద వెయ్యాలో నాకు తెలుసు.

బ్యాటరీ, రంగులు, సీసం, యాసిడ్, ఏ పని చేసేవారైనా చదువుతుంటే నేను చెప్పేది ఒక్కటే. మీ డాక్టరు ఇంట్లోవాళ్ళని టెస్టుకి తీసుకురమ్మంటే ఆ వారమే తీసుకెళ్ళండి. నేను పదకొండు నెలలు తీసుకెళ్ళలేదు.